కందిరీగలు ఆడిన నేల

ఆ రోజు మైకు ముందు నిలబడి నేను, "ఇక్కడ నిన్నమొన్నటి దాకా ఖాళీ నేల తప్ప ఏమీ లేదు" అన్నాను. ఆ మాట తప్పు. తెలియక అన్నది కూడా కాదు. ఆ నేల మీదే నేను కారు నడపడం నేర్చుకున్నాను. మా అమ్మ కూడా అక్కడే నేర్చుకుంది. ఆ నేల మీద ఎవరు ఆడేవారో, ఎందుకు ఆడడం మానేశారో ఆ పూట కుర్చీల్లో కూర్చున్న మన తెలుగువాళ్ళందరిలోకీ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలిసినవాడే ఏమీ లేదన్నాడు.

ఊరి పేరు రాయను. డాలస్ పక్కన కాపెల్‌లో ఉన్న మా ఇంటి నుంచి గంట పైన ప్రయాణం. నా చిన్నతనంలో అది ఒక పత్తి మిల్లు, ఒక ఆసుపత్రి, లెక్కలేనన్ని చర్చిలు ఉన్న చిన్న ఊరు. ఇప్పుడు డాలస్ పెరుగుతూ పెరుగుతూ దాని గుమ్మం దాకా వచ్చేసింది. మనవాళ్ళు అక్కడ ఇళ్ళు కొనుక్కున్నారు, క్రికెట్ క్లబ్బు పెట్టుకున్నారు. క్లబ్బు నడిపే కిరణ్ కరీంనగర్ అబ్బాయి, చురుకైనవాడు. నేను ఆ ఊళ్ళోనే పెరిగానని ఎవరి ద్వారానో విని నన్ను పట్టుకున్నాడు. "అంకుల్, సిటీవాళ్ళతోని మీరే మాట్లాడాలె. మీ ఫాదర్ పేరు చెప్తే ఆ ఊళ్ళె ముసలోళ్ళందరికీ తెలుసంట కదా" అన్నాడు. నిజమే. మా నాన్న ఆ ఊరి డాక్టరుగానే పనిచేసి, డాక్టరుగానే పోయాడు. ఊరంతా ఆయన్ని డాక్టర్ రావ్ అనేది. ఆ పేరు చెప్పుకుని వెళితే సిటీ హాల్లో తలుపులు సులువుగానే తెరుచుకున్నాయి. ఊరికి తూర్పున, రైలు పట్టాల అవతల, తుప్పలు పెరిగిన ఒక పాత మైదానాన్ని మాకు లీజుకిచ్చారు.

"ఇక్కడ ముందు ఏముండె అంకుల్?" అని కిరణ్ అడిగాడు.

"ఏదో పాత స్కూలు గ్రౌండు. ఎప్పుడో మూసేశారు."

"ఆ చివర్న తుప్పు పట్టిన ఇనప స్తంభాలున్నయ్. తీసేపియ్యాల్నా?"

"తీసేయించు" అన్నాను.

క్రికెట్ ఆడే పిల్లలకు అది ఇనప స్తంభమే. రెండు నిలువు గొట్టాలు, మధ్యలో ఒక అడ్డగొట్టం. అది గోల్‌పోస్ట్ అని, ఆ మైదానంలో మిగిలిన చివరిదని నాకు తెలుసు. మరిచిపోయాను అనుకోవడం సుఖంగా ఉంటుంది. మరిచిపోలేదు. ఆ సంగతి ఎత్తితే పని ఆలస్యమవుతుందనుకున్నాను. పైగా నాకు ఇంకో ఆశ ఉంది. ఆ మైదానం బాగుచేయడానికి నేను కొంత చందా ఇచ్చాను. అందుకు బదులుగా దానికి నాన్న పేరు పెడతామన్నారు. వద్దనలేదు. నాన్న పేరు ఒక బోర్డు మీద, ఆరుబయట, ఎండలో మెరుస్తూ కనబడాలని నాకు చాలా ఉండేది.

ప్రారంభోత్సవం నాడు సమోసాలు, టీ, తెల్ల బట్టల్లో పిల్లలు, బోర్డు మీద కప్పిన పట్టు గుడ్డ. నేను మాట్లాడుతూ మాట్లాడుతూ చివరి వరస కుర్చీల వైపు చూశాను. ముగ్గురు నల్లజాతి ముసలివాళ్ళు, వాళ్ళతో ఒకావిడ. ఆ ముగ్గురిలో ఒకాయన అంత ఎండలో కూడా వంకాయరంగు ఉన్ని కోటు వేసుకున్నాడు. నేను "ఖాళీ నేల" అనగానే ఆయన ఒళ్ళో పెట్టుకున్న టోపీ తల మీద పెట్టుకుని, చేతికర్ర అందుకుని లేచాడు. మిగతా ఇద్దరూ ఆయన వెంట నడిచారు. ఆవిడ మాత్రం నేను కిందికి దిగేదాకా కూర్చుంది. దగ్గరకొచ్చాక ఆ నుదురు చూసి గుర్తుపట్టాను. తండ్రి నుదురే.

"గుర్తున్నానా?" అంది.

"లొరెయిన్."

"బతికించావు. నీ జ్ఞాపకశక్తి పోయిందేమో, పాపం అనుకున్నాను." కాసేపు నా ముఖంలోకి చూసింది. "నువ్వు కారు వెనక్కి నడపడం ఎక్కడ నేర్చుకున్నావు?"

నేను మైదానం చుట్టూ ఉన్న కంకర దారి వైపు చూశాను.

"ఆ గోల్‌పోస్ట్ ఏం చేశారు?"

"పాత ఇనుము కింద పోయింది."

గుడ్డ కప్పిన బోర్డు వైపు తిరిగింది. "మీ నాన్నంటే మా అమ్మకు ఎంతో గౌరవం. ఆయన దగ్గరే నర్సుగా రిటైరైంది. నాకూ గౌరవమే. కానీ ఈ నేల ఆయనది కాదు" అని వెళ్ళిపోయింది.

కిరణ్ పరిగెత్తుకొచ్చాడు. "ఎవరంకుల్ ఆమె? ఏమంటుంది?"

"పాత క్లాస్‌మేట్. పలకరించడానికి వచ్చింది" అన్నాను. ఆ పూట అది రెండో అబద్ధం.

మేము ఆ ఊరు చేరేసరికి నాకు పన్నెండేళ్ళు. తెనాలి దగ్గర తెలుగు మీడియంలో ఆరో తరగతి అయింది. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన ఎర్రిటుకల ఇల్లు. అమ్మ పోపు పెట్టాలంటే ముందు ఇంటి కిటికీలన్నీ మూసేది, ఇంగువ వాసన పక్కింటివాళ్ళకు వెళితే ఏమనుకుంటారోనని. అదే అమ్మ, ఎండుమిరపకాయల్ని మాత్రం నాన్న కారు ముందు భాగం మీద దుప్పటి పరిచి ఎండబెట్టేది. అంత వేడెక్కే చోటు ఇంకెక్కడుందని ఆవిడ వాదన. నాన్న రోజూ ఆసుపత్రికి మిరపకాయల వాసనతో వెళ్ళేవాడు. రోగులు తుమ్మితే జలుబు మందు రాసిచ్చేవాడేమో అని అమ్మే నవ్వేది.

శుక్రవారం వస్తే ఆ ఊరి తీరు మారిపోయేది. సాయంత్రం ఐదింటికల్లా దుకాణాలు మూసేవాళ్ళు. కార్లన్నీ ఒకటే దారిన హైస్కూలు స్టేడియం వైపు. ఫుట్‌బాల్ చూడ్డానికి. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. భుజాల మీద అట్టలు కట్టుకుని, తలకు హెల్మెట్ పెట్టుకుని, కోడిగుడ్డు ఆకారపు బంతి కోసం ఒకరి మీద ఒకరు పడే ఆట. ఆ స్టేడియం ఊళ్ళోని చర్చిలన్నీ కలిపినా అంతకంటే పెద్దది. దీపాలు వేస్తే ఐదారు మైళ్ళ అవతలి పొలాల్లోకి కూడా వెలుగు కనబడేది. ఆటగాళ్ళకు దెబ్బలు తగిలితే చూడ్డానికి మైదానం పక్కన డాక్టరు ఉండాలి. ఆ పని మా నాన్నది. పెందలాడే స్నానం చేసి, ఫ్లాస్కులో పెరుగన్నం, రేకు కాగితంలో ఒక మాగాయ టెంక తీసుకుని, మడత కుర్చీతో వెళ్ళేవాడు. అన్నేళ్ళూ చూశాడు గానీ ఆ ఆట నియమాలు ఒక్కటీ నేర్చుకోలేదు. తిరిగొచ్చాక అమ్మ, "ఎవరు గెలిచారండీ?" అంటే, "రెండు భుజాలు, ఒక చీలమండ" అనేవాడు.

ఆ మైదానం అంచున కోచ్‌లందరూ వరసగా నిలబడేవాళ్ళు. వరసకు చిట్టచివర, అందరికంటే ఎత్తుగా, ఎప్పుడూ నోరు విప్పని ఒక నల్లజాతి మనిషి ఉండేవాడు. ఆయన పేరు కోచ్ గ్రీర్. సామాన్లు మోసే ఆయనేమో అనుకున్నాను చాలాకాలం. హైస్కూల్లో ఆయన పని పిల్లలకు డ్రైవింగ్ నేర్పడం. అలా పదిహేనో ఏట నేను ఆయన కారులో కూర్చున్నాను. ఒక విడతకు ముగ్గురం. నేను, డ్వేన్ అనే తెల్ల కుర్రాడు, కోచ్ గారి అమ్మాయి లొరెయిన్. ఆయన ముందు సీట్లో, తన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకుతో. ఊరు దాటించి, పట్టాలు దాటించి, ప్రతిసారీ ఒకే చోటికి తీసుకెళ్ళేవాడు. మూసేసిన బడి, దాని వెనక మైదానం, చుట్టూ కంకర దారి. కారు ముందుకీ వెనక్కీ నడపడం, ఇరుకులో ఆపడం అన్నీ ఆ కంకర మీదే.

అది నల్లజాతి పిల్లల బడిగా ఉండేది. రెండు బళ్ళనూ కలిపేదాకా ఊరికి రెండు జట్లు. తెల్లపిల్లలు శుక్రవారం ఆడితే, కోచ్ గ్రీర్ జట్టు గురువారం ఆడేది. ఎందుకంటే ఊళ్ళో రెఫరీలు, బ్యాండు మేళం, జనం, అందరూ శుక్రవారం వాళ్ళకే. ఈ జట్టు పేరు హార్నెట్స్, మన భాషలో కందిరీగలు. రంగు వంకాయరంగు. గ్యాలరీ మెట్లు తండ్రులు మిల్లు నుంచి చెక్కలు తెచ్చి స్వయంగా కట్టారు. దీపస్తంభాలకు తల్లులు చేపల వేపుళ్ళు అమ్మి డబ్బు పోగుచేశారు. హెల్మెట్లు మాత్రం తెల్లపిల్లల బడిలో వాడి పారేసినవి. వాటికి వంకాయరంగు వేసుకునేవాళ్ళు. "ఆట సగమయ్యేసరికి రంగు పెచ్చులూడి కింద వాళ్ళ ఎరుపు బయటపడేది. సగం ఆటకు మా వాళ్ళ తలలన్నీ పుళ్ళు పడ్డట్టు ఉండేవి" అని కోచ్ గ్రీర్ నవ్వాడు ఒకసారి. ఆ తలలతోనే వాళ్ళు రాష్ట్రంలో నల్లజాతి బళ్ళన్నిట్లోకీ మొదట నిలిచారు. తర్వాత బళ్ళు కలిశాయి. కలవడమంటే, ఒకటి ఉండిపోయింది, ఒకటి పోయింది. పేరు వాళ్ళది, రంగు వాళ్ళది, స్టేడియం వాళ్ళది. ఆటగాళ్ళు మాత్రం వీళ్ళూ కావాలి. జట్టును గెలిపించిన పెద్ద కోచ్ డ్రైవింగ్ నేర్పే మాస్టారయ్యాడు. ఆ చేపలమ్మి కొన్న స్తంభాల్ని పెకలించి తీసుకెళ్ళి స్టేడియంలో పాతారు. "శుక్రవారం చూడు, ఎడమ చేతివైపు నాలుగు మావి" అన్నాడు. ఆ శుక్రవారం చూశాను. ఆ నాలుగూ కాస్త పొట్టివి. వాటి కిందే మా నాన్న పెరుగన్నం తినేవాడు.

ఆయనకు ఒక అలవాటుండేది. ఆగస్టు చివర, ఆటల కాలం మొదలయ్యే ముందు, ఆ పాడుబడ్డ మైదానంలో గడ్డి కోసి, సున్నంతో గీతలు గీసేవాడు. సున్నపు పొడి పోసి తోసుకుంటూ పోయే చక్రాల పెట్టె ఒకటి ఉండేది ఆయన దగ్గర. నిడివంతా, అడ్డమంతా, తాడు పట్టినంత సూటిగా గీతలు. ఆడేవాడు ఒక్కడూ లేడు. మాకు కారు వంకర పోకుండా నేర్పడానికే గీశాడనుకున్నాను నేను. ఒకరోజు వెనక్కి నడుపుతూ అదుపు తప్పి కంకర దాటించాను. వెనక చక్రాలు చివరి గీతను తొక్కి చెరిపేశాయి. డ్వేన్ పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. కోచ్ తన బ్రేకు తొక్కాడు.

"దిగు బాబూ" అన్నాడు.

దిగాను. ఆయన డిక్కీలోంచి సున్నం సంచి తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, గుప్పిట్లోంచి కొంచెం కొంచెంగా వదులుతూ చెరిగిన మేర పూడ్చాడు. లొరెయిన్ కారులోంచి దిగలేదు. కిటికీలోంచి నన్నే చూస్తోంది, కొట్టేట్టు.

"ఎవరూ ఆడని గ్రౌండుకు గీతలెందుకు కోచ్?" అని అడిగాను. ఎగతాళిగానే అడిగాను.

"గీతలు లేకపోతే దారినపోయేవాడు దీన్ని ఖాళీ నేల అనుకుంటాడు" అన్నాడు, తలెత్తకుండా.

ఈ మాట నాకు ఇన్నేళ్ళూ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మైకు ముందు నా నోటికి ఆ రెండు మాటలే ఎందుకొచ్చాయో నేను చెప్పలేను.

అమ్మ కథ వేరు. నాన్నకు తీరిక లేదు, ఈ దేశంలో కారు రాకపోతే ఆడమనిషికి కాళ్ళు లేనట్టే. కోచ్ భార్య, నాన్న దగ్గర నర్సు, "మా ఆయన నేర్పుతాడు" అంది. అమ్మ నేత చీర కట్టుకుని, బూట్లు వేసుకుని శనివారం మధ్యాహ్నాలు వెళ్ళేది. ఒకరి మాట ఒకరికి చెప్పడానికి నేను వెనక సీట్లో. ఆగస్టు ఎండలో మొదటిసారి ఆ గీతలు చూసి అమ్మ కారు ఆపింది. దిగింది. వంగి ఒక చిటికెడు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఎవర్రా ముగ్గేసింది?"

"ముగ్గు కాదమ్మా, ఆట గీతలు. ఈయనే వేశారు."

"ఆట లేదన్నావుగా?"

"లేదు."

అమ్మ కాసేపు ఆ మైదానం కేసి చూసింది. "ఇంట్లో మనిషి పోతే వాకిట్లో ముగ్గు మానేస్తాం. వేశారంటే లోపల మనుషులున్నట్టే కదా. అలాగే చెప్పు ఆయనకు" అంది. నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. కోచ్ గ్రీర్ టోపీ తీశాడు. ఆ రోజు అమ్మ గీతలు దాటకుండా మైదానం చుట్టూ ఒకసారి నడిచొచ్చి కారెక్కింది. తొక్కడం తప్పు కదా ముగ్గును. కోచ్ అలా టోపీ చేత్తో పట్టుకునే ఆవిడ తిరిగొచ్చేదాకా నిలబడ్డాడు.

ఆ శీతకాలం ఒక ఆదివారం ఆయన మా ఇంటికి వచ్చాడు. అమ్మ స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చింది. వేడికి పట్టుకోలేక అంచు మీద రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. నేను భోజనాల బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటున్నాను. పాత బడి భవనాన్ని బస్సుల షెడ్డు చేస్తున్నారట. లోపలి గదిలో కందిరీగల కప్పులు, ఫోటోలు, వంకాయరంగు చొక్కాలు ఉన్నాయి. వాటిని పారేస్తారని తెలిసింది.

"స్కూలు బోర్డువాళ్ళు మీ మాట వింటారు డాక్టర్. వాళ్ళ పిల్లల విరిగిన చేతులన్నీ కట్టింది మీరు. కొత్త బడి హాల్లో ఒక అద్దాల బీరువా చాలు. ఒక్క మాట చెప్పండి."

నాన్న తన గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నేను ఇక్కడ అతిథిని, కోచ్. ఇంటివాళ్ళ గొడవలో అతిథి నోరు పెట్టకూడదు" అన్నాడు.

"మీ అబ్బాయికి నేను కారు నేర్పాను. మీ ఆవిడకు నేర్పాను. ఇంకా అతిథిగా ఎన్నాళ్ళుంటారు డాక్టర్?" ఆ గొంతులో కోపం లేదు. కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు వంటింటి దాకా తనే తీసుకెళ్ళి పెట్టి, అమ్మకు దండం పెట్టినట్టు తల వంచి వెళ్ళాడు.

ఆయన కారు కదిలాక అమ్మ అంది, "ఒక్క మాట అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"గ్రీన్‌కార్డు ఇంకా చేతికి రాలేదు. ఆ బోర్డులో ఉన్నవాళ్ళే ఆసుపత్రి బోర్డులోనూ ఉన్నారు. నీకేం తెలుసు?"

"నాకేం తెలుసు! ఆయన ముందు తలెత్తుకుని కారెలా నడపాలో తెలియదు, అంతే."

నాన్న భయం అబద్ధం కాదు. ఆ ఊళ్ళో అప్పటికి మా రంగు మనుషులం మేం ముగ్గురమే. ఆసుపత్రికి రెండు వాకిళ్ళుండేవి. పైన బోర్డులు తీసేశారు గానీ, ఎవరు ఏ వాకిలి నుంచి రావాలో జనం మరిచిపోలేదు. నాన్న రెండు వాకిళ్ళ మనుషుల్నీ ఒకే చేత్తో ముట్టుకుని చూశాడు. అది ఆ ఊళ్ళో చిన్న విషయం కాదు. కానీ రెండు వాకిళ్ళెందుకని ఒక్కసారీ అడగలేదు. వసంతం వచ్చేలోగా ఒక మధ్యాహ్నం మా స్కూలు బస్సు పాత బడి ముందు నుంచి వెళ్ళింది. వాకిట్లో చెత్త లారీ. దాని మీద విరిగిన బల్లల మధ్య ఇత్తడి కప్పు ఒకటి ఎండకు తళుక్కుమంది. బస్సులో ఎవరో ఈల వేశారు. నేను పుస్తకంలోకి తల దించుకున్నాను. ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఆ ఏడు ఆటల కాలంలో నాన్న తన మడత కుర్చీని కోచ్ గ్రీర్ నిలబడే వైపు కాక రెండో చివర వేసుకోవడం మొదలుపెట్టాడు. కోచ్ మాత్రం శనివారాలు మానలేదు. అమ్మ లైసెన్సు తెచ్చుకునేదాకా వచ్చాడు.

నేను కాలేజీకి వెళ్ళిపోయాను, ఇంజినీరునయ్యాను, కాపెల్‌లో స్థిరపడ్డాను. కోచ్ గ్రీర్ పోయాడని అమ్మ ఫోన్లో చెప్పింది. మీటింగ్ ఉందని వెళ్ళలేదు. ఇప్పుడు మా పక్కనున్న ఊళ్ళలో హైస్కూలు స్టేడియాలు మన ఊళ్ళ ఎయిర్‌పోర్టుల్లా ఉన్నాయి. పెద్ద తెరలు, లిఫ్టులు, అద్దాల గదులు. మా మనవడి బడిలో గెలిచిన ప్రతి జట్టు ఫోటో గోడకు ఉంది, ఎవరికీ గుర్తులేని ఏళ్ళవి కూడా. ఆ గోడ పక్కగా నడుస్తూ నేనెన్నోసార్లు కాఫీ తాగాను. ఒక్కసారైనా ఆ చెత్త లారీ గుర్తొచ్చి ఆగలేదు. నాన్న మాట్లాడనిది భయం వల్ల. నాకు ఏ భయమూ లేదు. పౌరసత్వం ఉంది, పెన్షన్ ఉంది, సిటీ హాల్లో నా పేరు తెలుసు. ఏ భయమూ లేకుండానే నేను నాన్న చేసినదానికంటే పెద్ద పని చేశాను. ఆయన ఊరుకున్నాడు. నేను చెరిపేసి, ఆ చోట ఆయన పేరు రాశాను.

ప్రారంభోత్సవం మర్నాడు లొరెయిన్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. తండ్రి ఇంట్లోనే ఉంటోంది. వసారాలో వంకాయరంగు కోటు ముసలాయన కూడా ఉన్నాడు. ఓటిస్, కందిరీగల్లో బంతి విసిరినవాడు. ఆయన పక్కన స్టూలు మీద సొట్టపడ్డ ఇత్తడి కప్పు. ఆ రోజు చెత్తకుప్పలోకి దిగి వెతికితే దొరికింది అదొక్కటేనట.

"క్షమించమని అడగడానికి వచ్చాను" అన్నాను.

ఓటిస్ వీధివైపు చూస్తూనే అన్నాడు. "లొరెయిన్, ఖాళీ కుర్చీ ఒకటి వెయ్యి. ఇక్కడ ఎవరూ లేరనుకుని మన ఒళ్ళో కూర్చుంటాడేమో."

లొరెయిన్ నవ్వలేదు. "ఇక్కడ నా చెవిలో చెప్పి వెళితే నీ మనసు తేలికపడుతుంది. నాకేం ఒరుగుతుంది? మైకులో అన్న మాట మైకులోనే వెనక్కి తీసుకో."

ఈ సంగతి చెబితే కిరణ్ బాధపడ్డాడు. "అంకుల్, ఇప్పుడీ లొల్లి దేనికి? అప్పుడెప్పుడో అయిపోయింది. మనం చేసిందా? లీజు క్యాన్సిల్ చేస్తే ఏమైతది? పిల్లలు వీకెండ్ అంతా ఎక్కడాడాలె?"

"మనం చెయ్యలేదు. ఆ గోల్‌పోస్ట్ తీసేయమన్నది మాత్రం నేనే కదా."

"మరి మీ ఫాదర్ పేరు?"

"ఆ బోర్డు నేనే ఊడదీస్తాను."

సిటీ కౌన్సిల్లో ఎవరైనా లేచి మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. మాట్లాడాను. ఖాళీ నేల అన్నది అబద్ధమని, అబద్ధమని తెలిసే అన్నానని చెప్పాను. గురువారాల గురించి, హెల్మెట్ల గురించి, స్టేడియంలో ఎడమ చేతివైపు నాలుగు పొట్టి స్తంభాల గురించి, నోరు విప్పని మా నాన్న గురించి చెప్పాను. ఒక సభ్యుడు గడియారం చూసుకున్నాడు. ఒకావిడ రాసుకుంది. వెనక వరసలో ఓటిస్ కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. లీజు పోలేదు. మైదానానికి కందిరీగల పేరు పెట్టే విషయం ఏదో కమిటీకి వెళ్ళింది, ఇంకా అక్కడే ఉంది. క్లబ్బులో కొందరు నాతో మాట్లాడడం మానేశారు. గోల్‌పోస్ట్ కోసం పాత ఇనుము కొట్లన్నీ తిరిగాను. ఎప్పుడో కరిగించేశారన్నారు. నాన్న బోర్డు నా గ్యారేజీలో, గోడకు తిప్పి పెట్టి ఉంది.

ఆగస్టు చివర లొరెయిన్ ఫోన్ చేసింది. "శనివారం పొద్దున్నే రా. మంచి బట్టలేసుకోకు" అంది. తండ్రి చక్రాల పెట్టె షెడ్డులోంచి తీసి పెట్టింది. ఇరుసు తుప్పు పట్టి కదల్లేదు. నూనె పోసి, సుత్తితో కొట్టి, తిప్పాను. ఇప్పుడు సున్నం వాడరట, చేతులు కాలుతాయని. తెల్ల రాతిపొడి బస్తాలు తెచ్చింది. చేత్తో పట్టుకుంటే అచ్చం మన ముగ్గుపిండే. ఓటిస్ కుర్చీ వేయించుకుని, ఎడమ, కుడి అని కర్రతో అదిలిస్తుంటే, ఆమె తాడు పట్టుకుంది, నేను పెట్టె తోశాను. నడి గీత సరిగ్గా క్రికెట్ పిచ్ మీదుగా పోయింది. ఆటకొచ్చిన కిరణ్, అతని జట్టు బ్యాట్లు పట్టుకుని నిలబడి చూశారు.

"అంకుల్, ఇవాళ ఆట ఉండదా?" అన్నాడు కిరణ్.

"మధ్యాహ్నం ఆడుకోండి."

"గీతలు చెరిగిపోతయ్ కదా."

"చెరిగిపోతే వచ్చే ఏడు మళ్ళీ గీయాలి" అంది లొరెయిన్, నేను ఇంగ్లీషులో చెప్పాక. "మా నాన్న అదే చేసేవాడు."

పని అయ్యేసరికి ఎండ ముదిరింది. సామాన్లెక్కించుకుందామని నా కారును కంకర దాకా వెనక్కి నడిపాను. ఇప్పటి కార్లలో వెనక ఏముందో తెర మీద కనబడుతుంది. అయినా దిగి చూశాను. ఎడమ చక్రం చివరి గీత అంచును జానెడు మేర చెరిపింది. ఓటిస్ చూశాడు, లొరెయిన్ చూసింది. మోకాళ్ళు నొప్పి పెడుతున్నా కంకర మీద కూర్చున్నాను. లొరెయిన్ బస్తాలో మిగిలిన పొడి నా పక్కన పెట్టి వెళ్ళింది. గుప్పిట్లోకి తీసుకుని, కొంచెం కొంచెంగా వదులుతూ, చెరిగిన మేర పూడ్చాను.